పటమునందలి మనుష్యుడు

ఛాయాచిత్రములు తీయువానికి లోకు లిచ్చు మెప్పులలో మొదటిది "మంచి కన్ను గలవాడు" అనునది. ఆ మాట నిజమే. పదిమంది నడచిపోవు వీథిలో నొకడు నిలిచి, సున్నపుగోడమీద పడిన చెట్టునీడను, మూసిన యంగడి యరుగుపై తలవాల్చి నిద్రించు కూలివానిని, వానకు తడిసిన రిక్షామీద మెఱయు దీపకాంతిని కనిపెట్టును. అవి యంతకుముందును అక్కడనే యున్నవి, చూచినవారు లేరు. కావున కనిపెట్టిన ఘనత వానిదే యని మన మొప్పుకొందుము. కాని యా మెప్పులో నొక లోపము కలదు. నీడను చూచుటయు, కూలివానిని చూచుటయు ఒకే పని యైనట్లు అది మాటలాడుచున్నది. గోడకు మన చూపుతో నిమిత్తము లేదు, కూలివానికి గలదు. ఒక మనుష్యుని రూపమును మనము తీసికొని పోవునపుడు, ఆ మనుష్యునికి మనము పడు ఋణ మేమి? మే మీ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యిదియే.

ఇది చిత్రకారులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న యని చదువరులు తలపవలదు. ఒకప్పుడు కెమేరా కలవారి సొత్తు. నేడు సెల్‌ఫోను గల ప్రతివాడును ఛాయాగ్రాహకుడే. అరకులోయకు విహారార్థము పోయినవారు సంతలోని గిరిజనస్త్రీల ముఖములను, కాశికి పోయినవారు ఘట్టములయందలి బైరాగులను, పుష్కరములకు పోయినవారు స్నానము చేయుచున్న ముసలివాండ్రను పటములుగా దెచ్చి బంధువులకు జూపుచున్నారు. చూచినవారు "ఎంత సహజముగా నున్నది!" అని మెచ్చుకొనుచున్నారు. పటములోనివారి యనుమతి నెవ్వరును అడుగుటలేదు. అడుగవలె నను తలంపును ఎవ్వరికిని కలుగుటలేదు.

ఈ కళ పుట్టినపుడే యీ ప్రశ్నయు దానితోగూడ పుట్టినది. 1838వ సంవత్సరమున దగ్యేర్ అను ఫ్రెంచివాడు పారిస్ నగరమందలి యొక పెద్దవీథిని మేడమీదినుండి పటము తీసెను. ఆ కాలపు రేకుపై రూపము పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. వీథినిండ బండ్లును జనులును తిరుగుచుండిరి. కాని కదలుచున్న వేవియు రేకుపై నిలువలేదు. జోడు తుడిపించుకొనుటకై యొక కాలు పైకెత్తి కదలక నిలిచిన యొక మనిషి రూపము మాత్రము నిలిచినది. వాని పాదములచెంత జోడు తుడుచువాని జాడయు అస్పష్టముగా గానవచ్చును. మనుష్యుని చూపించు ఛాయాచిత్రములలో దొలిదిగా దీనిని పలువురు చెప్పుదురు. ఆ యిద్దఱి పేళ్లును ఎవ్వరు నెఱుగరు. తమ్మొకడు చూచుచున్నాడని వారును ఎఱుగరు. లోకమున మొట్టమొదట పటమెక్కిన మనుష్యుడు తనకు దెలియకయే పటమెక్కెను. నాటినుండి నేటివరకును కోట్లకొలది జనుల గతి యిదియే.

మొదట సౌందర్యమును గుఱించి రెండు మాటలు చెప్పవలసియున్నది. మనసున కెక్కు దృశ్యములు దూరదేశములందే యుండునని సామాన్యుల నమ్మకము. దూరపు కొండలు నునుపు. కాని యీ కళాచరిత్రము చెప్పునది వేఱు. మనకు మిగిలియున్న ఛాయాచిత్రములలో మిక్కిలి ప్రాచీనమైనది 1826–27 ప్రాంతమున నియెప్స్ అనువాడు తన యింటి కిటికీనుండి తీసినది. అందు కానవచ్చునవి యింటికప్పులును, పెరటి కట్టడములును. అట్జె అను నతడు సుమారు ముప్పది యేండ్లు బరువైన కెమేరాను, గాజుపలకలను మోసికొని తాను నివసించిన పారిస్ నగరపు సందులలోనే తిరిగి, అంగళ్లను, తలుపులను, మెట్లను, వీథులలో సరకు లమ్ముకొనువారిని పటములు తీసెను. ప్రేగ్ నగరవాసి సుదెక్ మొదటి ప్రపంచయుద్ధమున కుడిచేయి పోగొట్టుకొన్నవాడు. తన దేశము జర్మనుల వశమై యున్న కాలమున, 1940లో నారంభించి 1954 వఱకును, అతడు తన పనిగది కిటికీనుండియే పటములు తీసెను. మంచు పట్టిన యద్దము, దాని వెనుక నొక వంకరచెట్టు, కిటికీగట్టుపై నొక గాజుపాత్ర: ఇవియే యతనికి లభించిన లోకము. ఆ పటములను చూచినవా రతనికి లోక మిఱుకై పోయిన దని యనజాలరు.

దీనినిబట్టి తేలున దేమి? దృశ్యము కొఱత గాదు; అలవాటు కన్నును మూయుచున్నది. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత వైద్యమునకే గాక చూపునకును వర్తించును. ప్రయాణము చేయునపుడు కన్ను విచ్చుకొనుట నిజమే. అది ప్రయాణమువలన గలుగు మేలు. కాని యా మేలుతోబా టొక కీడును గలదు. అలవాటు లేనివాడు వస్తువును చూచును గాని దాని వెనుకనున్న బ్రతుకును చూడడు. చినిగిన గుడ్డలోని రంగు వానికి గానవచ్చును. అది యేల చినిగెనో కానరాదు. ముడుతలు పడిన ముఖము వానికి శిల్పమువలె దోచును; ఆ ముడుతలు పడుటకు పట్టిన దినములు వాని లెక్కలోనికి రావు. దగ్గఱివానిని చూడకపోవుట యొక గ్రుడ్డితనము. దూరపువానిని రూపమాత్రముగా జూచుట మఱియొక గ్రుడ్డితనము.

ఈ రెండవ గ్రుడ్డితన మెంతవఱకు పోగలదో మన ప్రాంతముల చరిత్రమే చెప్పుచున్నది. 1876–78 సంవత్సరముల మహాక్షామము కర్నూలు, బళ్లారి, కడప మండలములను పాడుచేసినది. అప్పుడు మద్రాసు సైన్యమునందలి హూపర్ అను నింగ్లీషు అధికారి ఆకలిచే నస్థిపంజరములైన స్త్రీలను, పురుషులను, బిడ్డలను గుంపులుగా గూర్చుండబెట్టి పటములు తీసెను. ఆ పటములు నేటికిని మిగిలియున్నవి. అందలివారిలో నొక్కరి పేరును మనకు దెలియదు. కూర్చుండుటకైనను ఓపిక లేనివారిని వరుసగా నమర్చి, కెమేరా సిద్ధమగువఱకు నిలిపియుంచిన యా చేతిని తలచుకొన్నచో ఒడలు జలదరించును. ఆ పటములే లేకున్న నా క్షామపు ఘోరము మన కింత స్పష్టముగా దెలియ దనుటయు నిజమే. ఉపకార మున్నంతమాత్రమున నపరాధము మాసిపోదు. అపరాధ మున్నంతమాత్రమున నుపకారము అబద్ధము గాదు.

దీనికి సరిగా నెదురు త్రోవ యొకటి యా శతాబ్దమందే, మన సికింద్రాబాదునందే కానవచ్చుచున్నది. ఆఱవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు (1844–1905) అచ్చట స్టూడియో నడపెను. 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియోను నెలకొల్పి, ఒక యింగ్లీషు వనితను దాని యధికారిణిగా నియమించెను. అచ్చటికి వచ్చిన స్త్రీ తాను ఏ నగ ధరింపవలెనో, ఎటు చూడవలెనో తానే నిశ్చయించుకొనగలిగెను. ఎవరి కన్ను తనపై బడవచ్చునో, ఎవరిది పడరాదో యను నియమమును అచ్చట పాటించిరి. ఘోషా యాచారమును మేము మెచ్చుకొనుటలేదు. చూడబడువారి యిష్టమునకు విలువ యిచ్చుట యను ధర్మమును మాత్రము మెచ్చుకొనుచున్నాము. ఆ విలువ సొమ్ము చెల్లింపగలవారికే దక్కినది. కర్నూలు మండలపు క్షామపీడితునకు దక్కలేదు. పేదవాని ముఖము మాత్రము పరుల సొత్తేల కావలె?

మనసున్న ఛాయాగ్రాహకులును ఈ చిక్కునుండి తప్పించుకొనలేదు. 1936 మార్చి నెలలో అమెరికా ప్రభుత్వోద్యోగిని డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలో నింటికి మరలుచు, బఠాణీలు కోయు కూలీల గుడారములను దాటిపోయెను. సుమారు ఇరువది మైళ్లు పోయినపిమ్మట మనసొప్పక వెనుకకు దిరిగివచ్చి, బిడ్డలతో గూర్చున్న యొక తల్లిని కొన్ని పటములు తీసెను. వయస్సు ముప్పదిరెం డని తెలిసికొనెను. పేరు మాత్ర మడుగలేదు. ఆ పటము పత్రికలో వెలువడిన వెంటనే ప్రభుత్వము ఆ గుడారములకు ఆహారము పంపెను. కాని యప్పటికే యా కుటుంబ మచ్చటినుండి తరలిపోయెను. ఆ పటము లోకప్రసిద్ధ మయ్యెను. అందలి తల్లి ఫ్లోరెన్స్ థాంప్సన్ అని 1978లో గాని లోకమునకు దెలియలేదు. తనకు దానివలన చిల్లిగవ్వయు రాలేదని ఆమె వాపోయెను. లాంగ్ దురాశాపరురాలు కాదు. పటము ప్రభుత్వమునకు జెందినది కావున నామెయు దానిపై ధన మార్జింపలేదు. ఆమె సదుద్దేశము గొప్పది. దానివలన నితరులకు మేలును గలిగెను. కాని యెవరి ముఖమువలన మేలు కలిగెనో ఆమె మాత్రము ఆ మేలునకు వెలియైనది.

1984లో పెషావరు చెంత నాశ్రితుల శిబిరమున స్టీవ్ మెకరీ తీసిన ఆఫ్ఘను బాలిక పటమునకును ఇదే కథ. పచ్చని కన్నుల యా చూపు 1985లో నొక ప్రసిద్ధ పత్రిక ముఖపత్రమై లోకమంతటను వ్యాపించినది. పదునేడేండ్ల పిమ్మట, 2002లో, షర్బత్ గులా అను నామెను వెదకి కనుగొనిరి. అంతవఱకు నామె తన పటమును చూడనేలేదు. తీసిననాడు పరపురుషుడు తన్ను పటము తీయుట తనకు కోపము దెప్పించెనని ఆమె జ్ఞాపకము చేసికొనెను. మన మంద ఱా కన్నులలో భయమును, దుఃఖమును, దేశదురవస్థను చదివితిమి. వానియందు మనమీది కోపమును ఉండవచ్చునని యెందఱము తలచితిమి?

ఇచ్చట కళాభిమాను లొక యాక్షేపణ చేయుదురు. "అనుమతి యడిగితిమా, సహజత్వము పోవును. మనుష్యుడు బిగిసికొని నిలుచును, క్షణము జాఱిపోవును. అడుగుచు గూర్చున్నచో లోకమున గొప్ప పటము లుండవు, క్షామములు, దౌర్జన్యములు బయటపడవు" అని వారి వాదము. ఇది త్రోసివేయదగిన వాదము గాదు. అన్యాయము చేయువాని యనుమతి పొంది యన్యాయమును చూపుట యెవరితరము?

ఈ యాక్షేపణకు లూయిస్ హైన్ (1874–1940) బ్రతుకే సమాధానము. అతడు 1908 మొదలుకొని అమెరికా దేశపు నూలుమిల్లులలో, గనులలో పనిచేయు బాలబాలికలను పటములు తీసెను. మిల్లు యజమానులు లోనికి రానీయకున్న, భీమా ఏజెంటుననియో, బైబిళ్లు అమ్మువాడననియో చెప్పి ప్రవేశించెడివాడు. అనగా నతడు యజమానుల యనుమతిని లెక్కచేయలేదు. కాని పిల్లలతో మాటలాడెను. వారి పేళ్లను, వయస్సును, పనిచేయు గంటలను అడిగి తెలిసికొని, జేబులో దాచిన కాగితముపై వ్రాసికొనెడివాడు. తన కోటు బొత్తాములతో సరిచూచి వారి యెత్తును గుర్తించెడివాడు. బాలకార్మికత్వమును అరికట్టిన 1938 నాటి చట్టమునకు ఆ పటములొక్కటే కారణ మనరాదు. కాని ప్రజల కన్ను తెఱపించినవానిలో నవియు నున్నవి. ఆ పటములలో నిలిచిన బిడ్డ "పేదఱికము" అను మాటకు బొమ్మ గాదు. ఆమెకు పేరు గలదు, ఎత్తు గలదు, పనిలో జేరిన దినము గలదు.

కాబట్టి మా నిశ్చయ మిది. చూడబడువాడు మన సౌందర్యమునకో, మన జాలికో ముడిసరకు గాడు. అడుగుటకు వీలున్నచోట నడిగి తీయవలె. క్షణము జాఱిపోవునను భయమున్నచో తీసిన పిమ్మటనైనను దగ్గఱకు బోయి చూపవలె, వలదన్నచో తుడిచివేయవలె. ఆపదలో నున్నవానిని తీయక తప్పనపుడు, ఆ పటము వాని పక్షమున సాక్ష్యము చెప్పుటకే తీయుచున్నామా, మన నైపుణ్యమునకు సాక్ష్యముగా తీయుచున్నామా యని తన్నుదానే ప్రశ్నించుకొనవలె. పేరు తెలిసికొనవలె, ప్రకటించుటవలన వానికి హాని గలుగునేని దానిని దాచవలె. ఇట్లు చేసినచో కొన్ని మంచి పటములు పోవును. పోనిండు. అడుగక కోసిన పువ్వెంత యందమైనదైనను ఇతరుని తోటలోనిదే.

తుదకు మన యిండ్ల మాట. మధ్యతరగతి గృహములందలి ఆల్బములను చదువరులు విప్పిచూతురుగాక. పట్టుచీరలు కట్టిన పెండ్లిబృందము లుండును. సముద్రతీరములు, గోపురములు, మంచుకొండలు ఉండును. ఆ యింటి తల్లి పొయ్యియెదుట నిలిచిన పటము ఎన్ని యాల్బములలో నున్నది? చేటలో బియ్య మేరుచున్న నాయనమ్మ యెందున్నది? ఇరువది యేండ్లుగా నంట్లు తోమిన పనిమనిషి, పిల్లవాని పుట్టినదినపు పటములో నొక మూలనైనను ఉన్నదా? దూరపు పల్లెలో ఇట్టి తల్లి, ఇట్టి ముసలమ్మ కనబడినచో మనము కారు దిగి పటము తీయుదుము. దానికి "శ్రమసౌందర్య" మని పేరును పెట్టుదుము. ఇంటిలో మాత్రము ఆ శ్రమ మన కంటికి ఆనదు; ఆనినచో దానిని పంచుకొనవలసి వచ్చునని మన మనసునకు దెలియును గాబోలు!

ఇంటిలో పటము తీయుమని మేము చెప్పుట ముచ్చటకొఱకు గాదు. తల్లి పనిని పటము తీయుట కైదు నిమిషములు నిలిచి చూచినవాడు, ఆమె యెన్నిమార్లు వంగెనో, ఎంతసేపు పొగలో నిలిచెనో, ఎవరు తిన్నపిమ్మట తినెనో చూడక తప్పదు. చూచినవాడు చేతిలోని కెమేరాను ప్రక్కన బెట్టి బిందె యందుకొనవలసిన సమయ మొకటి వచ్చును. ఆ సమయము వచ్చినపుడు అందుకొనువాడే కన్ను గలవాడు.