సున్నా వారం విద్యార్థి

మా ఇంట్లో ఇడ్లీ పిండికి లెక్క ఒకటికి రెండు. మినప్పప్పు గ్లాసు, రవ్వ రెండు గ్లాసులు. ఎం.ఐ.టి.లో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారు చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా మొదటి పాఠంలో ఇదే లెక్క ఎదురైతే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన బోర్డు మీద రెండు సమీకరణాలు రాస్తారు. మనం పదో తరగతిలో చేసినట్టే రెండు గీతలు గీసి, అవి కలిసిన చోటు చూపిస్తారు. అంతవరకు తెలిసిందే. తర్వాత అవే అంకెల్ని అడ్డంగా కాక నిలువుగా చదవమంటారు. మొదటి నిలువు వరుస ఎంత, రెండో నిలువు వరుస ఎంత కలిపితే కుడివైపున్నది వస్తుంది? మొదటిది ఒక పాలు, రెండోది రెండు పాళ్లు. సమీకరణం విప్పడమంటే పాళ్లు కనుక్కోవడమేనని యాభై దాటాక తెలిసింది నాకు.

ఆ పాఠం నాలుగుసార్లు చూశాను. రెండో పాఠం ఒక్కసారీ చూడలేదు.

బ్యాంకు ఉద్యోగిని. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ పట్టుకుని ఉచిత కోర్సుల్లో చేరడం ఏడెనిమిదేళ్లుగా నాకున్న వ్యసనం. వ్యసనం అన్న మాట కావాలనే వాడాను. ఖగోళశాస్త్రానికి పరిచయం, మనస్తత్వశాస్త్రానికి పరిచయం, జన్యుశాస్త్రానికి పరిచయం... అన్నిటితోనూ పరిచయమే, ఒక్కదానితోనూ స్నేహం లేదు. హార్వర్డ్ వారి కంప్యూటర్ సైన్స్ కోర్సు సీఎస్50లో డేవిడ్ మేలన్ లావుపాటి ఫోన్ డైరెక్టరీని నడిమికి చింపి, ఇందులో పేరు ఎలా వెతకాలో చెబుతుంటే చప్పట్లు కొట్టాను. ఆ కోర్సులో వారాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అంటే వాళ్ల లెక్కలో నేను ఒకటో వారానికి కూడా చేరలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాతిది అంత తేలిక కాదు.

మైఖేల్ శాండెల్ 'జస్టిస్' కోర్సులో మొదటి భాగం చూసిన వారానికే ఒక కొలీగ్ గృహప్రవేశానికి వెళ్లాను. బంతిలో కూర్చుని, బ్రేకులు పోయిన ట్రామ్ కథ ఎత్తుకున్నాను. పట్టాల మీద ఐదుగురు పనివాళ్లు, పక్క పట్టా మీద ఒక్కడు, బండిని మళ్లించాలా వద్దా? పులిహోర నుంచి సాంబారు దాకా నాదే ఉపన్యాసం. అందరూ ముచ్చటపడి విన్నారు. ఎదురు వరసలో కొలీగ్ గారబ్బాయి ఉన్నాడు, ఫిలాసఫీ ఎం.ఏ. చదువుతున్నాడు. "మరి కాంట్ ఏమంటాడంటారు, అంకుల్?" అని అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. 12 భాగాల ఆ కోర్సులో తత్వవేత్త కాంట్ మీద పాఠం ఆరో భాగంలో గానీ రాదు. "అది పెద్ద సబ్జెక్టు బాబూ, తీరిగ్గా మాట్లాడుకుందాం" అని పెరుగు వడ్డించేవాణ్ని కేకేశాను. ఆ అబ్బాయికి అర్థమైపోయింది. మర్యాదస్తుడు, తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

ఇంటికొచ్చి ఆరో భాగం చూశానా? లేదు. కొత్తగా నాడీశాస్త్రానికి పరిచయంలో చేరాను.

నాకు ఊరటగా ఒక లెక్క దొరికింది కూడా. హార్వర్డ్, ఎం.ఐ.టి. కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం, పేరు నమోదు చేసుకున్నవాళ్లలో సగానికి పైగా తరగతి లోపలికే అడుగుపెట్టలేదు. చివరిదాకా వెళ్లింది నూటికి ముగ్గురు. నలుగురితో పాటు నారాయణా అనుకుని కొన్నాళ్లు హాయిగా ఉన్నాను. టైము లేదనీ, ఇంగ్లీషు యాస అనీ మిగతా సాకులు ఎటూ ఉన్నాయి. వాటి సంగతి వదిలేద్దాం.

అసలు సంగతి మా నాన్న గుర్తొచ్చినప్పుడు తెలిసింది. ఆయన ఇంటర్ లేకుండానే సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరారు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉంది. డ్యూటీ దిగొచ్చి తెలుగు పాఠ్యపుస్తకాలు ముందేసుకునేవారు, ఆదివారాలు సైకిలు మీద స్టడీ సెంటర్‌కి వెళ్లేవారు. ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పారు. ఆ సంగతి ఆయన దాచలేదు సరికదా, వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వేవారు. మూడోసారి గట్టెక్కినప్పుడు వీధిలో సగంమందికి తెలిసింది, ఎందుకంటే తప్పడం కూడా వాళ్లకి తెలుసు.

నేను తప్పినట్టు ఎవరికీ తెలియదు. హాల్‌టికెట్టు లేదు, మార్కుల జాబితా లేదు, ఫీజు దండగయిందని దెప్పేవాళ్లూ లేరు. మొదటి పాఠంలో అందరూ తెలివైనవాళ్లే, అక్కడ అడిగే ప్రశ్నలకు తప్పు జవాబంటూ ఉండదు. రెండో పాఠంలో మాట్రిక్సులతో అసలు పని మొదలవుతుంది. నాకు బుర్ర లేదని బయటపడేది అక్కడ. అందుకే ఆ గుమ్మం దగ్గరే చెప్పులు వదిలి వెనక్కి తిరుగుతున్నాను. నాకున్నది జిజ్ఞాస అని ఇన్నాళ్లూ నమ్మాను. చాలావరకు అది భయమే. జిజ్ఞాస బొత్తిగా లేదనను, లేకపోతే ఒకటికి రెండు చూసి కుర్చీలోంచి లేవను కదా.

ఈ జనవరిలో ఐఐటీల ఉచిత పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సులో చేరాను. మళ్లీ లీనియర్ ఆల్జీబ్రాయే. పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం వెయ్యి రూపాయలు. కట్టేశాను. ఐఐటీల వాళ్లు వారం వారం అసైన్‌మెంట్ ఇస్తారు, పన్నెండింటిలో బాగా వచ్చిన ఎనిమిదీ లెక్కలోకి తీసుకుంటారు. మొదటి వారం పదికి తొమ్మిదొచ్చాయి. రెండో వారం మూడు. ఆ మూడింటిలో ఒకటి గుడ్డిగా పెట్టింది. రాత్రి మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "మూడా నాన్నా!" అని పడీ పడీ నవ్వింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది.

మూడో వారానిది రేపు రాత్రిలోగా పంపాలి. పదిలో ఆరు పెట్టాను. మిగతా నాలుగు ముట్టుకోబుద్ధి కాక, సాయంత్రం నుంచి ఇది రాస్తూ కూర్చున్నాను.