లేమిలో లీల

అనంతపురం మెట్టప్రాంతంలో హాకీ ఆడే అబ్బాయిల జట్లూ అమ్మాయిల జట్లూ ఒక పాత ప్రశ్నను కొత్తగా ముందుకు తెస్తాయి: ఆట ఎవరికి చెల్లుతుంది? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. తొలకరి పదును చూసుకుని శెనక్కాయ విత్తుతారు. ఊడలు దిగే వేళకు బెట్ట తగిలితే పెట్టుబడి కూడా తిరిగి రాదు. ఇలాంటి చోట రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్డీటీ, ఇళ్లు, బడులు, ఆసుపత్రులతో పాటు ఆటస్థలాలు కూడా కట్టింది. 1969లో అనంతపురం వచ్చి ఈ పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ సమాధి ఇక్కడి బత్తలపల్లెలోనే ఉంది. ట్రస్టు నడిపే పెద్దాసుపత్రి కూడా ఆ ఊళ్లోనే. అనంతపురంలోని క్రీడాగ్రామంలో క్రికెట్, ఫుట్‌బాల్, టెన్నిస్‌తో పాటు హాకీ నేర్పుతారు. ఆకలినీ రోగాన్నీ తీర్చే పనుల పక్కన హాకీ కర్రకు చోటెక్కడిదని అడగడం సబబే. దానికి జవాబు వెతికితే వేదాంతం దాకా వెళ్లాల్సి వస్తుంది.

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ ప్రశ్న సృష్టి గురించిన చర్చలో వస్తుంది. ఏ కొరతా లేని బ్రహ్మానికి లోకాన్ని సృష్టించే పని ఎందుకు? ప్రయోజనం ఉందంటే కొరత ఉన్నట్టే. లేదంటే సృష్టి మతిలేని చేష్ట అవుతుంది. సూత్రకారుడి సమాధానం లీల. శంకరాచార్యులు దీనికి భాష్యం రాస్తూ లోకం నుంచి రెండు పోలికలు తెచ్చారు. ఒకటి, కోరికలన్నీ తీరిన రాజు వేరే ప్రయోజనమేదీ లేకుండా ఆడే ఆట. రెండోది ఊపిరి. ఏదో సాధిద్దామని ఎవరూ ఊపిరి తీయరు. అది స్వభావం కొద్దీ సాగిపోతుంది.

ఆ రెండు పోలికలూ బ్రహ్మం గురించినవే. మనుషుల ఆటకు వాటిని అన్వయిస్తే మాత్రం దారులు వేరవుతాయి. రాజు పోలిక ప్రకారం ఆట నిండుకుండది: అన్నీ అమరినవాడికే అది తగును. లోకం చాలాకాలం ఈ పోలికనే పట్టుకుంది. కలవారి బిడ్డ ఆడితే ముచ్చట, కూలివాడి బిడ్డ ఆడితే పనిదొంగతనం. ఊపిరి పోలికలో ఈ తేడాకు తావు లేదు. ఊపిరి తీయడానికి ఇంట్లో గింజలు ఉన్నాయా అని ఎవరూ చూసుకోరు. ఎంత గడ్డు కరువులోనూ పల్లె పిల్లలు బిళ్లంగోడు మానలేదు, కబడ్డీ మానలేదు. లేమి ఆటను చంపలేదు. ఆటకు దొరికే పొద్దును, చోటును, పనిముట్టును మాత్రమే లాక్కుంది. అందుకే ఇక్కడ హాకీ జట్టు కట్టడమంటే లేని కోరికను పుట్టించడం కాదు, ఉన్న ఊపిరికి గాలి ఆడేలా చూడటం.

అయితే హాకీ ఊపిరంత తేలిక కాదు. కెనడాలో పనిచేసిన తత్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో అచ్చయిన ‘ద గ్రాస్‌హాపర్’లో ఆటను నిర్వచిస్తూ, అక్కర్లేని అడ్డంకులను మనసారా నెత్తికెత్తుకోవడమే ఆట అన్నారు. హాకీ దీనికి చక్కని ఉదాహరణ. కర్రకు ఎడమవైపు ఉన్న చదునైన ముఖంతోనో దాని అంచులతోనో తప్ప వెనకవైపుతో బంతిని ఆడకూడదు. గోల్‌కీపర్ తప్ప ఎవరి కాలికీ బంతి తగలకూడదు. గోలు ముందు గీసిన అర్ధవలయంలో దాడి జట్టు కర్ర తాకని బంతి గోల్లోకి వెళ్లినా లెక్కకు రాదు. ఇవేవీ ప్రకృతి పెట్టిన కష్టాలు కావు. మరి కావలసినన్ని కష్టాలు ఊరికే దొరికే కరువు సీమలో, ఇంకో నాలుగు కష్టాలను కొని తెచ్చుకోవడం ఎందుకు?

దీనికి జవాబు మట్టి మైదానంలో బంతిని ఆపే ఒక్క క్షణంలో కనిపిస్తుంది. బంతి బరువు 160 గ్రాములకు దగ్గర. ఎర్రమట్టిపై అది తిన్నగా రాదు, చిన్న గులకరాయి తగిలినా ఎగిరి మోకాటి మీదికి వస్తుంది. ఆడే అమ్మాయి మోకాళ్లు మడిచి, నడుం వంచి, కర్రను దాదాపు నేలకు ఆనించి, చూపు బంతి మీదే నిలపాలి. ఈ వంగడం ఆ ఇళ్లల్లో అందరికీ తెలిసినదే. శెనక్కాయ చేలో కలుపు తీసే తల్లి నడుం కూడా అలాగే వంగుతుంది. అక్కడ వంచేది అవసరం, ఇక్కడ వంగేది ఇష్టం. వాన రాకపోవడం ఒప్పుకోవలసిన కష్టం. కర్ర వెనకవైపుతో కొట్టకూడదన్నది ఒప్పుకున్న కష్టం. తానే ఎంచుకున్న నియమానికి లోబడటంలో ఒక స్వేచ్ఛ ఉంది. బతుకంతా ఎవరో పెట్టిన నియమాల్లో నడిచేవారికి దాని రుచి మరింత బాగా తెలుస్తుంది.

ఇక ఫలం సంగతి. గీత బోధించే నిష్కామకర్మ మెట్టరైతుకు పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన మాట కాదు. విత్తడమే తన చేతిలో ఉందని, మిగతాది మబ్బు చేతిలో ఉందని ఏటా చూస్తూనే ఉంటాడు. ఆటకు పంపే తల్లిదండ్రులు మాత్రం ఫలం అడుగుతారు: స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగమో, రైల్వే ఉద్యోగమో వస్తుందా? ఇది ఆటను మలినం చేస్తుందనేవారు ఉన్నారు. ఆ మాట కడుపు నిండినవారిది. పేదింట్లో ఉద్యోగం మాట మైదానం దాకా వచ్చే దారి ఖర్చు లాంటిది. మైదానం గీత దాటాక ఆ ఆశకు పనిలేదు. ఉద్యోగాన్ని తలచుకుంటూ బంతిని ఆపబోతే బంతి జారిపోతుంది. పైగా పదకొండుమంది ఆటలో బంతిని అందించిన చేయి ఒకటి, గోలు కొట్టిన పేరు ఇంకొకటి. కర్మఫలాన్ని వదులుకోవడం ఇక్కడ ఉపదేశం కాదు, పాస్ ఇచ్చే ప్రతిసారీ జరిగే పని.

ఒకే మైదానంలో అమ్మాయిల జట్టు కూడా ఉండటంతో ప్రశ్న మరింత లోతుకు వెళ్తుంది. ఫలం లేని పొద్దు గడిపే హక్కు పేదింట్లో కూడా మగపిల్లవాడికి కొంత ఉండేది. అరుగు మీద కూర్చున్నా అతన్ని అడిగేవారు తక్కువ. ఆడపిల్ల పొద్దులో మాత్రం ప్రతి గడియా నీళ్లకో, పొయ్యికో, తమ్ముడికో రాసిపెట్టి ఉండేది. ఆటకు ప్రయోజనం లేదన్న మాట ఆమె విషయంలో నిందగానే వినిపించేది. ప్రపంచం కూడా ఇందులో పల్లెకంటే ముందున్నదేమీ లేదు: ఒలింపిక్స్‌లో పురుషుల హాకీ 1908లో వస్తే, మహిళల హాకీ 1980 దాకా రాలేదు. ఆ ఏడు మాస్కోలో నాలుగో స్థానం పొందిన భారత మహిళల జట్టు మళ్లీ ఒలింపిక్స్ చూసింది 2016లో. రాయలసీమలోనే ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఎతిమరపు రజని, 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన భారత జట్టులో గోల్‌కీపరు. ఆమె ఆడినది ఏ రాజు వినోదమూ కాదు. అమ్మాయి సాయంత్రంలో ఒక గంటను ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేనిదిగా ఇంటివారు ఒప్పుకోవడం, లీల అన్న మాటకు ఈ నేల మీద దొరికే కచ్చితమైన అర్థాల్లో ఒకటి.

చివరిది నీటి ధర్మం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ పచ్చిక వదిలి కృత్రిమ గడ్డి మీదికి వెళ్లింది. పెద్ద పోటీల్లో ఆ గడ్డిని ఆటకు ముందు బాగా తడుపుతారు. అప్పుడే బంతి సాఫీగా జారుతుంది, పడినవారి చర్మం దోక్కుపోదు. బోరు ఎండిపోయిన చేను పక్కన ఆట కోసం అలా నీళ్లు చల్లడం న్యాయమా? కాదనే చెప్పాలి. ఊపిరి అందరిదీ అయినప్పుడు ఒకరి ఊపిరి మరొకరి గొంతు తడిని తీసుకోకూడదు. ఫెర్రర్ అనంతపురం రాకముందు మన్మాడ్‌లో తన సేవను మొదలుపెట్టింది రైతులతో బావులు తవ్వించడంతోనే. ఆ వరుసలో వచ్చిన మైదానానికి నీటి విలువ తెలిసి ఉండాలి. నీళ్లు అక్కర్లేని గడ్డి కోసం అంతర్జాతీయ హాకీ సమాఖ్య కూడా కొన్నేళ్లుగా ప్రయత్నిస్తోంది. పొడినేల మీద బంతి నెమ్మదిస్తుంది, వంకర పోతుంది. దాన్ని ఆపాలంటే ఇంకాస్త వంగాలి. మట్టిలో నేర్చుకున్న పిల్లలకు ఆ వంగడం ముందే వచ్చు.