గొట్టం వెనకాల ఉన్నవాళ్ళు

భోగి ముందురోజు రాత్రి పది దాటాక మా వీధిలో ఉరుము ఉరిమింది. జనవరి నెలలో ఉరుమేమిటా అని తలుపు తీసి చూద్దును కదా, నేలకి జానెడెత్తులో ఓ ఎర్ర కారు, అందులోంచి ఒక్కొక్క కాలే బయటికి లాక్కుంటూ మా మేనల్లుడూ!

వాడికి హైదరాబాదులో ఉద్యోగం. పదిహేనేళ్ళనాటి జర్మనీ స్పోర్ట్సు కారు ముచ్చటపడి సెకండ్‌హాండులో కొన్నాడు. ఇద్దరే కూర్చోవాలి, అదీ కాళ్ళు చాపుకుని. హైదరాబాదు నుంచి అశ్వారావుపేట దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో ఆర్ అండ్ బీ వాళ్ళకి తెలియకపోవచ్చు గాని, వాడికి తెలుసు. ప్రతిదాని దగ్గరా కారు పొట్ట గీసుకుందిట. అసలే తుప్పుపట్టిన సైలెన్సరు, దార్లోనే చిల్లిపడింది. అదీ ఆ ఉరుము కథ.

మాది అడవి అంచున ఉన్న ఊరు. పామాయిలు గెలల ట్రాక్టర్ల రాకపోకలు ఆగాక మా వీధిలో కీచురాళ్ళ రొద తప్ప మరేమీ వినిపించదు. ఆ రాత్రి మాత్రం పక్కింటి మూడునెలల పసిపాప ఉలిక్కిపడి గుక్కపట్టింది. గుండె ఆపరేషనయిన మా అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, "ఏం కూలిందే?" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చేతి వణుకు తగ్గడానికి అరగంట పట్టింది. మేనల్లుడు అప్పటికే భోంచేసి గుర్రు పెడుతున్నాడు.

పొద్దున్న కాఫీ తాగుతూ మొదలెట్టాడు.

"అత్తా, ఈ తుప్పుది పీకేసి స్టెయిన్‌లెస్ స్టీలుది వేయిస్తున్నాను. వెనకాల డబ్బా ఉండదు, తిన్నగా గొట్టమే. సింహం గర్జించినట్టుంటుంది!"

"ఇప్పుడున్నది చాల్లేదుట్రా?"

"ఇది చిల్లి చప్పుడత్తా. అది నాదం."

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. నాదానికీ చప్పుడుకీ తేడా ఏమిటి?

వాడే విడమరిచి చెప్పాడు. ఇంజనులో క్షణక్షణానికీ పెట్రోలు భగ్గుమంటుందిట. ఆ వేడి పొగ తన్నుకుంటూ బయటికొస్తుంది. సైలెన్సరు డబ్బాలో చిల్లులున్న గొట్టాలూ, అరలూ ఉంటాయి. ధ్వని తరంగాలు ఆ అరల్లో ఒకదాన్నొకటి ఢీకొని సగం అక్కడే చల్లబడతాయి. డబ్బా తీసేస్తే బలం పెరుగుతుందా అంటే, పెరిగేది ఏ కాస్తో. అసలు పెరిగేది చప్పుడే. ఈమాట వాడే ఒప్పుకున్నాడు, నేనేం కల్పించలేదు.

అయితే ఒక్కటి న్యాయంగా చెప్పాలి. మంచి ఇంజను పలుకు అందంగానే ఉంటుంది. అలాంటి కార్లు తయారుచేసేవాళ్ళు ఆ పలుకుని వీణకి శ్రుతి చేసినట్టు సరిచేస్తారుట. వాడి ఆనందం దొంగ ఆనందం కాదు. కాని వీణ కచేరీకి వెళ్ళేవాళ్ళు ఇష్టపడి వెళతారు. నచ్చకపోతే మధ్యలో లేచి రావచ్చు. మా అత్తగారు మంచం దిగి ఎక్కడికి వెళతారు? వినవచ్చినవాళ్ళకి అది నాదం, వినక తప్పనివాళ్ళకి చప్పుడు. తేడా శ్రుతిలో లేదు, చెవి గలవాళ్ళ ఇష్టంలో ఉంది.

ఇంకో చిత్రం గమనించారా? నడిపేవాడు ముందు కూర్చుంటాడు, గొట్టం వెనకాల ఉంటుంది. వాడు వెళ్ళిపోతాడు, మోత మనకి మిగుల్తుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నది ఇందుకే కాబోలు.

దీనికి చట్టం లేకపోలేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్నచోట పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 మించకూడదు. డెసిబెల్సు లెక్క మన కూరల తూకంలాంటిది కాదు. పది పెరిగిందంటే ధ్వనిశక్తి పదింతలయిందన్నమాట. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించాక, హద్దుమీరిన మోతకి మొదటిసారికే పదివేల దాకా జరిమానా, లేదా మూడునెలల దాకా జైలు, లేదా రెండూనూ. విశాఖపట్నంలో పోలీసులు కుర్రాళ్ళ బుల్లెట్లకున్న మోత సైలెన్సర్లు ఊడబీకించి, రోడ్డు రోలరుతో తొక్కించారు కూడా. కాని రోలరు గొట్టాన్ని చదును చేస్తుంది గాని మనసుని చేయదు కదా!

హైరం మాక్సిం అని ఒకాయన మరతుపాకి కనిపెట్టాడు. ఆ మోతలమధ్య బతికి, చివరికి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయన కొడుకు హైరం పెర్సీ మాక్సిం తుపాకులకి సైలెన్సరు చేసి 1909లో పేటెంటు పొందాడు, ఇంజన్ల మోత తగ్గించే గొట్టాలూ చేశాడు. తండ్రి మోత పుట్టిస్తే కొడుకు దాన్ని అణిచాడు. మా ఇంట్లో వరస తిరగబడింది, మా అన్నయ్య సైకిలు బెల్లు కూడా మొహమాటంగా కొట్టేవాడు!

ఇదంతా చెప్పి గెలిచాననుకున్నాను. వాడు తాపీగా కప్పు కింద పెట్టి, "మరి నువ్వు అయిదింటికల్లా పెట్టే సుప్రభాతమో? నా కారు ఏడాదికోసారి వస్తుంది, అది రోజూ మోగుతుంది" అన్నాడు.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. పైగా ఆ నియమాల్లో రాత్రంటే పదింటి నుంచి ఆరింటి దాకానట! భక్తి కదా అని సర్దుకోబోయాను. కాని పసిపాపకి నిద్రాభంగం అయ్యాక, అది సింహగర్జనైతేనేం, సుప్రభాతమైతేనేం?

ఆరోజు సాయంత్రం వాణ్ణి మా అత్తగారి మంచం పక్కన కూర్చోబెట్టి, తాళాలు మావారి చేతికిచ్చాను. ఆయన మోకాళ్ళు మడుచుకుని ఎలాగో అందులో దూరి, ఇంటిముందు నుంచి ఒక్కసారి కారు నడిపారు. మోత దగ్గరికి రాగానే అత్తగారు పక్కనున్న చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఈసారి ఆ చెయ్యి నాది కాదు, వాడిది.

వాడేమీ మాట్లాడలేదు. వెళ్ళేముందు కారుని ఇంట్లో స్టార్టు చెయ్యకుండా మావారిచేత వీధి చివరిదాకా తోయించాడు. పోయినవారం ఫోను చేసి, "స్టెయిన్‌లెస్ స్టీలుదే వేయించానత్తా, డబ్బాతోనే" అన్నాడు. నిజమో కాదో వచ్చే సంక్రాంతికి తేలుతుంది.

నా సుప్రభాతం ఇప్పుడు వంటింటి గుమ్మం దాటడంలేదు. స్వామికి వినిపిస్తోందా అంటే, ఆయన మనసులో అనుకున్నదే వింటాడంటారు కదా. చెవులు మూసుకోలేనిది మనుషులే.