గొంతు రాముడిదే, మనిషి మారీచుడు

పోయిన నెల ఎవడో నా పేరు, నా ఫొటో పెట్టుకుని, ఆసుపత్రిలో ఉన్నానంటూ మా పిన్నికి మెసేజ్ పెట్టాడు. ఇరవై వేలు పంపేసింది. "ఒక్క ఫోన్ చేసి అడగలేవా?" అని కసిరాను.

ఐపీ అడ్రస్ పట్టుకుంటే దొంగ దొరుకుతాడనుకున్నా. అది కనెక్షన్‌ని చూపిస్తుందే గానీ మనిషిని కాదు. ఒకే నంబరు వెనక వందల ఫోన్లు ఉండొచ్చు.

మారీచుడు రాముడి గొంతుతో అరిచాడు. లక్ష్మణుడు మాయ అన్నా సీతమ్మ వినలేదు. ప్రేమ ఆమెను నిలవనివ్వలేదు. అది తప్పంటామా?

ఐటీ చట్టం 66సి పరాయి గుర్తింపు దొంగిలించినవాడికి మూడేళ్ల దాకా జైలు అంటుంది. మోసపోయినవాళ్లకి శిక్ష రాయలేదు. అది నేను వేశాను.

1930కి ఫిర్యాదు చేశాం. ఇప్పుడు నేను ఫోన్ చేసినా పిన్ని ముందు "నువ్వేనా నాన్నా?" అంటోంది.