ఆది జాకెట్టు

బస్టాండు వెనక సందులో ఒక టైలరు కొట్టు. కొట్టంటే ఒకే గది, మధ్యలో పాత చీరతో కట్టిన తెర. తెరకి ఇవతల మెడలో టేపుతో మాస్టారు. అవతల కటింగ్ బల్ల, కుట్టుమిషను, ఒక కుర్రాడు. మూడేళ్లు కాజాలు కుట్టి, హెమ్మింగులు చేసి, ఈ మధ్యే కత్తెర పట్టాడు. మాస్టారికి చూపు తగ్గింది కనక కత్తెర వాడికి అప్పజెప్పి, కొలతలు తీసే పని తను ఉంచుకున్నాడు.

కుర్రాడు మనిషిని చూడడు. తెర కింద నుంచి వాడికి అందేది చీటీ ఒక్కటే. అందులో ఏడు అంకెలుంటాయి, పేర్లుండవు. "శ్రావణమాసంలో పేర్లు రాస్తూ కూర్చుంటే కార్తీకానికి కుడతాం" అనేవాడు మాస్టారు. వరస మాత్రం మొదటిరోజే నేర్పించాడు: పొడవు, ఛాతీ, నడుము, భుజం, చేతి పొడవు, ముందు మెడ, వెనక మెడ. ఆ ఏడు పేర్లనూ కుర్రాడు తన వైపు గోడమీద సుద్దతో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు. చీటీ రాగానే దాన్ని గోడకి ఆనించి, వేలు పెట్టి, ఒక్కో పేరు పక్కన ఒక్కో అంకె వేసుకుంటాడు. జాకెట్టు అయిపోగానే అంకెలు తుడిచేసి చీటీని మేకుకి గుచ్చుతాడు. పేర్లు గోడమీదే ఉంటాయి, అంకెలే వస్తూ పోతూ ఉంటాయి.

ఒకరోజు చీటీలో ఆరు అంకెలే వచ్చాయి. కుర్రాడు గుడ్డ ముట్టుకోకుండా చీటీ వెనక్కి తోశాడు.

"మాస్టారూ, ఒకటి తక్కువండీ."

"చేతి పొడవు అడగడం మర్చిపోయాన్రా. ఎవరూ చెప్పకపోతే తొమ్మిది వేసెయ్, అందరికీ సరిపోతుంది."

"వెయ్యొచ్చండీ. కానీ వదిలేసింది చేతి పొడవేనని నాకెలా తెలుస్తుంది? మధ్యలోది వదిలేస్తే ముందు మెడ అంకె పైకి జరిగి చేతులకు పడుతుంది."

మాస్టారు కాసేపు ఆలోచించాడు. తెర పక్కకి లాగి, చెయ్యి తడిచేసి, చేతి పొడవుని అక్కడ చెరిపి అన్నిటికంటే కింద రాశాడు. పక్కన తొమ్మిది వేసి చుట్టూ గుండ్రం చుట్టాడు. ఇప్పుడు ఆరు అంకెలొస్తే చేతులు తొమ్మిది, ఏడొస్తే ఏడోది ఎంతుంటే అంత. అయిదే వస్తే మాత్రం చీటీ మళ్లీ తిరుగుటపా.

ఇంతవరకూ బాగానే ఉంది. వరలక్ష్మీ వ్రతం ముందురోజు మాస్టారు దారానికి గుంటూరు వెళ్లాడు. మాస్టారి భార్య పిన్నిగారు టేపు పట్టుకుని తెరకి ఇవతల కూర్చుంది. హైస్కూలు టీచరుగారు ధర్మవరం పట్టు ముక్క తెచ్చింది. పిన్నిగారు కొలిచి, రాసి, చీటీ తోసింది: 14, 36, 32, 14, 10, 7, 9. కుర్రాడు వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఏడూ ఉన్నాయి. కత్తెర ఆడింది.

సాయంత్రం టీచరుగారు జాకెట్టు విప్పి చూసింది. ముందు మెడ పది అంగుళాల లోతు, వెనక మెడ ఏడు.

"ఇది తొడుక్కుని నేను వాయనాలెలా ఇవ్వను పిన్నీ?"

"నేను అన్నీ రాశానమ్మా! ఏడూ ఉన్నాయి, కావాలంటే లెక్కపెట్టుకో."

"ఏడూ ఉన్నాయండీ," అన్నాడు కుర్రాడు ఏడుపు గొంతుతో, "అందుకే కత్తిరించాను."

పిన్నిగారికి వెనక మెడ ముందు చెప్పడం అలవాటు. అదీ అంకే, ఇదీ అంకే. కత్తెరకి రెండూ ఒకటే.

మాస్టారు వచ్చి పట్టు ముక్క డబ్బులు తను పెట్టుకున్నాడు. ఆ రాత్రి కొట్లో కొత్త పద్ధతి పెట్టాడు. వరస మీద నమ్మకం లేనివాళ్లు పేరు పెట్టి రాయండి: "వెనక మెడ 10, ముందు మెడ 7" అని. పేరుంటే ఏది ముందు రాసినా ఫరవాలేదు. అయితే ఒకసారి పేర్లు మొదలుపెట్టాక మళ్లీ వట్టి అంకెలకి దిగొద్దు, కుర్రాడికి ఎన్నో మెట్టుమీద ఉన్నాడో తెలియదు. వట్టి అంకెలు రాసేవైతే ముందే రాసెయ్యండి. పై వరసలో పొడవు వేసేసి, చివర మళ్లీ "పొడవు 15" అని రాశారో, ఆ చీటీ మీ మొహానే వస్తుంది.

ఇక ఆది జాకెట్టు సంగతి. టీచరుగారు రెండోసారి కొలతలు ఇవ్వనంది. "నాకు సరిగ్గా పట్టేది ఇదొక్కటే. దీన్ని చూసి కుట్టండి, కాస్త లూజుగా" అని తన ఆది జాకెట్టే ఇచ్చి వెళ్లింది. కుర్రాడు కాస్త లూజు అన్న మాట పట్టుకుని ఆది జాకెట్టు పక్క కుట్లు విప్పేసి అరంగుళం వదిలాడు. టీచరుగారికి కొత్తది బాగానే వచ్చింది, పాతదే పాడైంది.

"చీటీమీద అంకె నువ్వు కొట్టేసి ఇంకోటి వేసుకున్నా ఆవిడ ఒళ్లు మారదురా," అన్నాడు మాస్టారు. "ఇది చీటీ కాదు. ఆవిడ వస్తువే నీ బల్లమీద కొచ్చింది. ఇక్కడ విప్పితే ఆవిడ ఇంట్లోనూ విప్పినట్టే."

ఆ తరవాత వాడికి ఎంత భయం పట్టుకుందంటే, ఎవరి ఆది వచ్చినా పక్కకి పెట్టేసి, పాత గుట్టలోంచి వేరే జాకెట్టు తీసి బల్లమీద పరుచుకుని దానికే ఆది అని పేరు పెట్టుకునేవాడు. దాన్ని ఎన్ని ముక్కలు చేసినా అసలు యజమానురాలికి ఏమీ కాలేదు. పేరు అదే, జాకెట్టు వేరు.

ఇంకొక్కటి. జాకెట్టు పూర్తయిందని కుర్రాడు తెరమీంచి ఎత్తి చూపించి మళ్లీ చిలక్కొయ్యకి తగిలించుకునేవాడు. మాస్టారు చెయ్యి చాపితే చేతిలో ఏమీ ఉండేది కాదు. "చూపించావు, ఇవ్వలేదు" అని మొట్టికాయ వేసేవాడు.

నీతి:

మన ఇళ్లల్లో ఫంక్షనంటే ఓణీల పండగ, ఆర్గ్యుమెంటంటే ఆ పండగలో భోజనాల బంతి దగ్గర జరిగేది. కొత్తగా పైథాన్ నేర్చుకునేవాళ్లు ఈ రెండు మాటలు కలిపి వినగానే నవ్వుతారు, తరవాత తడబడతారు. ఆర్గ్యుమెంటుకీ పారామీటరుకీ తేడా బట్టీ పట్టక్కర్లేదు. గోడమీద పేరు పారామీటరు, చీటీలో అంకె ఆర్గ్యుమెంటు. ఫంక్షను రాసేటప్పుడు కనబడేది మొదటిది, పిలిచేటప్పుడు పంపేది రెండోది.

పైథాన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే తొలిమెట్టు పరీక్ష పీసెప్‌లో 40 నిమిషాలకు 30 ప్రశ్నలు, గట్టెక్కడానికి 70 శాతం. అందులో ఫంక్షన్లూ ఎక్సెప్షన్ల భాగానికే 28 శాతం బరువు. ఆ ప్రశ్నల్లో పిల్లలు ఎర్రర్ వచ్చే చోట్లకి భయపడతారు. నన్నడిగితే భయపడాల్సింది అక్కడ కాదు. చీటీలో అయిదే ఉంటే పైథానే చెబుతుంది. ఏడూ ఉండి తారుమారైతే నోరు విప్పదు, జవాబు ఇచ్చేస్తుంది. ఆ జవాబు ఆప్షన్లలోనూ ఉంటుంది.

దగ్గరగా చూద్దాం. పైథాన్ 3 నుంచి పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, కీవర్డులే ఇంగ్లిషులో ఉండాలి. తేడా(ఎ, బి) అని ఒక ఫంక్షను. ఎ లోంచి బి తీసేసి రిటర్న్ చేస్తుంది. బయట ప్రోగ్రాములో ఎ విలువ 3, బి విలువ 10. ఇప్పుడు ప్రశ్నలో తేడా(బి, ఎ) అని పిలిచి, ఏం ప్రింటవుతుందని అడుగుతారు. ఎక్కువమంది మైనస్ 7 అంటారు. బయట ఎ మూడు కదా, బి పది కదా అని. కుర్రాడి గోడ గుర్తుందా? వాడికి బయటి పేర్లతో పనిలేదు. వాడికొచ్చిన చీటీ 10, 3. గోడమీద మొదటి పేరు ఎ, కాబట్టి లోపల ఎ పది, బి మూడు. జవాబు 7. రెండువైపులా ఒకే పేర్లుండటం ప్రశ్న రాసినవాడు కావాలని తవ్విన గొయ్యి.

తేడా(బి=3, ఎ=10) అంటే పేరు పెట్టి రాసిన చీటీ, వరసతో పనిలేదు, మళ్లీ 7. తేడా(10, ఎ=3) అంటే పొడవు రెండుసార్లు రాసిన చీటీ, టైప్‌ఎర్రర్. తేడా(ఎ=3, 10) అంటే పేర్లు మొదలుపెట్టి వట్టి అంకెకి దిగడం, సింటాక్స్‌ఎర్రర్. ఈ చివరి రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు. టైప్‌ఎర్రర్ ఆ లైను దగ్గరకొచ్చాకే వస్తుంది, అప్పటికి పైనున్న ప్రింట్లు తెరమీద పడిపోయి ఉంటాయి. సింటాక్స్‌ఎర్రరైతే కొట్టు తలుపే తియ్యదు, మొదటి లైను ప్రింటు కూడా కనబడదు. "ఏం ప్రింటవుతుంది" అన్న ప్రశ్నకి ఈ రెండు చోట్లా జవాబులు వేరు.

డీఫాల్టు విలువ ఉన్న పారామీటరు చివరికి ఎందుకు పోవాలో మాస్టారు గోడ చెరిపినప్పుడే తెలిసిపోయింది. దాన్ని మధ్యలో పెట్టి డెఫ్ లైను రాస్తే అదీ సింటాక్స్‌ఎర్రరే.

లిస్టు ఆది జాకెట్టు. ఫంక్షను లోపల లిస్టులో సున్నా స్థానం మారిస్తే బయటి లిస్టూ మారుతుంది, ఎందుకంటే ఉన్నది ఒక్కటే లిస్టు. అదే పేరుకి లోపల కొత్త లిస్టు అంటగడితే బయటిది చెక్కుచెదరదు. ఒకటి కుట్టు విప్పడం, ఇంకోటి వేరే జాకెట్టుకి ఆది అని పేరు పెట్టుకోవడం. ప్రశ్నలో చదరపు బ్రాకెట్టు సమానం గుర్తుకి ఎడమవైపున, పేరుకి అతుక్కుని ఉందా, లేక కుడివైపున విడిగా ఉందా అన్నది ముందు చూడండి. తెరమీంచి చూపించి చేతికివ్వనిది రిటర్న్ లేని ఫంక్షను. లోపల ఎంత ప్రింటు చేసినా బయట చేతికి దక్కేది నన్.

ప్రశ్నకి సగటున నిమిషం 20 సెకన్లుంటుంది. చీటీమీద వేలు పెట్టి గోడమీద పేర్లతో జత చెయ్యడానికి అందులో పది సెకన్లు పట్టదు. ఈ రాత్రి పడుకోబోయే ముందు తేడా అనే ఆ ఫంక్షను టైపు చేసి, పైన చెప్పిన నాలుగు రకాలుగానూ పిలవండి. అయితే ఏం వస్తుందో ముందు నోటితో పైకి చెప్పి, ఆ తరవాతే రన్ నొక్కండి.