గుర్రం జబ్బు ఎవరు చెప్పాలి?

బి.కాం. చదివేటప్పుడు మర్కంటైల్ లా పాఠంలో ఒక గుర్రం వచ్చేది. మోసమంటే ఏమిటో చెప్పే 17వ సెక్షను కింద, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇచ్చిన ఉదాహరణ అది. ఒకడు తన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి జబ్బుందని తెలుసు, కొనేవాడికి చెప్పడు. ఇది మోసం కాదంటుంది చట్టం. వెంటనే రెండో ఉదాహరణ: కొనేది అప్పుడే మైనారిటీ తీరిన అతని కూతురైతే చెప్పి తీరాలి. పరీక్షలో రెండూ రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ గుర్రం మళ్ళీ నా గుమ్మం ముందుకు వస్తుందనుకోలేదు.

2019లో వచ్చింది, టర్బో పెట్రోలు ఇంజనుతో.

కారు ఏటేటా విలువ తరిగే ఆస్తి అని అప్పు కోసం వచ్చినవాళ్ళకు హితబోధ చేసినవాణ్ణి నేను. అటువంటివాణ్ణి యాభై దాటాక, ఏడేళ్ళు వాడిన వేగపు కారు కోసం బెంగళూరు వెళ్ళాను. పాఠకులు నవ్వుకోవచ్చు. కొత్తదైతే నా జీతానికి అందదు, పాతబడితే అందుతుంది. అందులో ఉన్న చిక్కు అప్పుడు తోచలేదు: కారు ధర తగ్గుతుంది గానీ, దాని విడిభాగాల ధర తగ్గదు.

అమ్మినతను తెలుగువాడు. "మనోళ్ళకి అన్యాయం చేస్తామా అన్నా" అన్నాడు. బెంగళూరులో ఆ మాట వింటే మా హోసూరువాళ్ళకు సగం బేరం కుదిరినట్టే. ఆర్.సి. చూశాను, ఇన్సూరెన్సు చూశాను, బ్యాంకు హైపోథికేషన్ కొట్టేశారో లేదో చూశాను. కాగితాలు చూడటం నా వృత్తి. ఇంజను ఎవరికీ చూపించలేదు. (భాషకు సరిహద్దు లేదు గానీ బండికి ఉంది. కర్ణాటకలో ఎన్.ఓ.సి. తీసుకుని, తమిళనాడులో మళ్ళీ రోడ్డు పన్ను కట్టాను.)

ఆనందం సంగతి దాచను. తెల్లవారుజామున శూలగిరి దాటాక కాలు నొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత ఎవరో వెనకనుంచి అరచేత్తో నెట్టినట్టుంటుంది. పద్దులూ బాకీలూ ఆ కాసేపు ఎక్కడికో పోతాయి. మా ఆవిడ ఒకసారి ఎక్కి "ఈ వయసులో ఎందుకండీ" అంది గానీ, తిరిగి వచ్చేటప్పుడు నెమ్మదిగా పొమ్మని అనలేదు.

ఆరు నెలలకు నీలం పొగ మొదలైంది. మెకానిక్ విప్పి చూపించాడు. ఇంజను వదిలే పొగ తోపుకు తిరిగే చిన్న చక్రం టర్బో. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. దాని ఇరుసును కాపాడేది పల్చని నూనె పొర ఒక్కటే. బాగా పరిగెత్తించి టక్కున ఇంజను ఆపేస్తే నూనె రాక ఆగిపోతుంది, మిగిలిన నూనె ఆ వేడికి మాడి గట్టిపడుతుంది. ఇంజనును నడిపే కంప్యూటరులో లెక్కలు మార్పించి, ఎక్కువ బలం పిండుకుని, అమ్మే ముందు మళ్ళీ మామూలు చేయించి ఉంటారని అతని అనుమానం. మార్చి నెలాఖరున బాలెన్సు షీటుకు రంగు పూయడం మాకు మాత్రం తెలియనిదా! తొంభై వేలయింది.

ఫోన్ చేస్తే "మీరు అడగలేదు కదన్నా" అన్నాడు.

నిజమే, అడగలేదు. మొదటి ఉదాహరణ అతని పక్షాన ఉంది. కానీ తెలుగు వినగానే నేను రెండో ఉదాహరణలోని కూతురి చోట కూర్చున్నాను. ఒకే భాష అయినంత మాత్రాన అంత బంధుత్వమా? కాదనే నా ఉద్దేశం. అయితే 'మనోళ్ళు' అన్నది నేను కాదు, అతను. ఆ మాట అన్నాక ఇంజను గురించి గుచ్చి అడగడం అమర్యాద అవుతుంది. అబద్ధమాడలేదు, నా ప్రశ్నను మాత్రం నోట్లోనే ఉంచేశాడు. అటువంటి మౌనాన్ని వేలంపాటలోని మౌనంతో కలిపి లెక్కించలేను.

ఈ తగవు పాతదే. సిసిరో 'దె అఫీషియిస్' గ్రంథంలో చర్చించాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం తెచ్చిన వర్తకుడికి, వెనక ఇంకా ఓడలు వస్తున్నాయని తెలుసు. ఆ సంగతి చెప్పాలా? చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అన్నాడు డయోజెనిస్. అమ్మేవాడికి తెలిసినదేదీ కొనేవాడికి తెలియకుండా ఉండరాదన్నాడు ఆంటిపేటర్. సిసిరో మొగ్గు ఆంటిపేటర్ వైపే. కౌంటరు ఇవతల కూర్చుని చిన్న అక్షరాల ఫారాలమీద సంతకాలు పెట్టించుకున్న నేను ఇన్నాళ్ళూ ఎవరి పక్షమో చెప్పనక్కరలేదు.

2023లో కారు అమ్మకానికి పెట్టాను. టర్బో కొత్తదే గానీ, గట్టిగా నొక్కితే క్లచ్ జారుతోంది. ఆనేకల్ నుంచి ఒక కన్నడ కుర్రవాడు వచ్చాడు. ఇంజను మోత విని మురిసిపోయాడు, ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. పదివేలు అడ్వాన్సు తీసుకున్నాను. 'మనోడు కాదు గదా' అన్న ఆలోచన ఒకటి మెదిలింది. ఒప్పుకుంటున్నాను. 'మనోళ్ళు' అన్న మాటకు ఈ రెండో ముఖం ఉందని, నేను మోసపోయినప్పుడు కనిపించలేదు.

మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తానన్నాను. కాసేపు ఊరుకుని, ముప్పై వేలు తగ్గించమన్నాడు. తగ్గించాను. "నిన్ననే చెప్పుంటే బాగుండేది సార్" అన్నాడు తన భాషలో, కోపం లేకుండా. నా దగ్గర జవాబు లేదు.

బండి తీసుకువెళ్ళే రోజు, ఇంజను ఆపే ముందు ఒక నిమిషం ఊరికే తిరగనివ్వమని చెప్పాను. తల ఊపాడు. వీధి మలుపు తిరగ్గానే మోత పెరిగింది.