పాదరక్ష – పాదధర్మము

మానవదేహమున అన్నిటికంటె క్రింద నుండి అన్నిటి బరువును మోయునది పాదము. లోకము శిరస్సునకు కిరీటము పెట్టినది, పాదమునకు ధూళిని మిగిల్చినది. శివశరణుల మార్గమున మాత్రము పాదమునకు గొప్ప స్థానము కలదు. అష్టావరణములలో పాదోదక మొకటి. గురుజంగముల పాదములకు శిరస్సు వంచుట వీరశైవునకు నిత్యాచారము. అట్టి పాదమును గూర్చియే నేడొక క్రొత్త ప్రశ్న మన ముంగిటికి వచ్చినది. చెప్పులు లేక నడచుట మేలా? పాదరక్ష ధరించుట మేలా? ఇది ఆరోగ్యమునకు సంబంధించిన ప్రశ్నవలె కనిపించును గాని, దీని మూలము ధర్మమునందున్నది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి చదువులకును ఉద్యోగములకును బెంగళూరు, హైదరాబాదు నగరములకును, విదేశములకును వెళ్లిన యువకులు అనేకులు. అచ్చట వారికి పరిచయమగు వస్తువులలో ‘బేర్‌ఫుట్ షూస్’ అనబడు బూట్లొకటి. వీటి అడుగుభాగము మిక్కిలి పలుచన. మడమ క్రింద ఎత్తు ఉండదు. వ్రేళ్లు విచ్చుకొనుటకు ముందుభాగము వెడల్పుగా నుండును. ముల్లు గ్రుచ్చుకొనకుండ కొంత కాపాడుచు, నేల స్పర్శను మాత్రము పాదమునకు తెలియనిచ్చుట వీటి ఉద్దేశము. కొండలెక్కువారు, పరుగెత్తువారు వీటిని ప్రయత్నించుచున్నారు. వేల రూపాయలు వెచ్చించి చెప్పులు లేనట్టి అనుభూతిని కొనుట చూచి పల్లెలోని పెద్దలు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వులో కొంత న్యాయము లేకపోలేదు. అయినను నవ్వి వదలివేయక విషయమును విచారించుట మంచిది.

ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. వాటిని కలిపి పట్టియుంచు కండరములు, నరములు, స్నాయువులు అనేకములు. అరికాలి వంపు విల్లువలె వంగి, మరల లేచి, దేహభారమును ముందునకు నెట్టును. మందపు మెత్తలలో బంధింపబడిన పాదమునకు ఈ పని తగ్గును. పని తగ్గిన అవయవము బలహీనమగుట ప్రకృతిధర్మము. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన డేనియల్ లీబర్‌మన్, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన పరిశోధనలో, బాల్యమునుండి చెప్పులు లేక పరుగెత్తువారు తరచుగా పాదము ముందుభాగముపై వ్రాలుదురనియు, మెత్తని బూట్లవారు ఎక్కువగా మడమపై వ్రాలుదురనియు, ముందుభాగముపై వ్రాలినప్పుడు నేల తాకిడి తక్కువగా నుండుననియు తేల్చిరి. అంతకు అర్ధశతాబ్దము ముందే, 1960 రోము ఒలింపిక్సులో ఇథియోపియా దేశపు అబెబె బికిలా మారథాన్ పరుగును వట్టికాళ్లతో పరుగెత్తి స్వర్ణపతకము గెలిచెను. అయితే అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు ధరించి పరుగెత్తి, మునుపటికంటె తక్కువ కాలములో పరుగు ముగించి, మరల స్వర్ణమును గెలిచెను. వట్టికాళ్లను పొగడువారు మొదటి పరుగును మాత్రమే చెప్పుదురు. సత్యము తెలియగోరువారు రెండింటిని చెప్పవలెను.

పలుచని బూట్లు అందరకు వెంటనే మేలు చేయవు. మెత్తని బూట్లకు అలవాటుపడిన పాదము ఒక్క దినములో మారదు. తొందరపడి దూరము పరుగెత్తినవారికి పిక్కలు పట్టుట, మడమ వెనుక నరము వాచుట, పాదపుటెముకలు దెబ్బతినుట సంభవించును. ఇట్టి బూట్లమ్మిన ఒక సంస్థపై, అది ప్రకటించిన ఆరోగ్యలాభములకు తగిన ఆధారము లేదని అమెరికాలో వ్యాజ్యము నడచెను. ఆ సంస్థ తప్పును ఒప్పుకొనకయే 2014లో కొనుగోలుదారులకు ధనము చెల్లించుటకు అంగీకరించినది. కావున ప్రయత్నింపదలచినవారు మొదట ఇంటియందును, పిమ్మట కొద్దిదూరము మెత్తని నేలపైనను నడచి, నెలల తరబడి క్రమముగా పెంచుకొనవలెను. మధుమేహమువలన పాదస్పర్శ తగ్గినవారు అసలు వట్టికాళ్లతో నడువరాదు. కుష్ఠువ్యాధివలన స్పర్శ కోల్పోయినవారి సంగతియు అంతే. ముల్లు దిగినను వారికి తెలియదు. తెలియని గాయము పుండై పాదమునే హరించును. పాదమునకు నొప్పి తెలియుట ఎంత గొప్ప వరమో వారిని చూచిన అర్థమగును.

మన సీమ పెద్దలకు ఈ విషయములు గ్రంథములు చదువకయే అనుభవమున తెలియును. జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడిలో వాన కురిసిన పిమ్మట చెప్పులతో నడచిన అడుగడుగునకు బంకమన్ను పేరుకొని కాలు బరువెక్కును. అప్పుడు రైతు చెప్పులు విడిచి చేత పట్టుకొనును. అదే రైతు కంపచెట్ల దారిలో, పల్లేరుకాయల బీడులో మందపాటి కిర్రుచెప్పులు లేనిదే అడుగు వేయడు. గండికోటవద్ద పెన్న కోసిన లోయ అంచున ఎర్రని రాతిబండలు పట్టుతప్పిన ప్రాణము తీయును. అచ్చట నేలను పట్టుకొను పాదము కావలెను. వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటినప్పుడు ఆ బండలపైననే వట్టికాలు మోపిన బొబ్బలెక్కును. పులివెందుల చీనీతోటలలో నీరు పారిన పాదులందు వట్టికాలు హాయి. తోట దాటి గుట్ట ఎక్కిన, చెప్పు అవసరము. నేలనుబట్టి, కాలమునుబట్టి, పనినిబట్టి నిర్ణయించుకొనుట వివేకము. ఒకే నియమమును అన్నిచోట్ల పట్టుకొనుట మౌఢ్యము.

ఇంతవరకు దేహమునకు సంబంధించిన మాట. ఇక ధర్మమునకు సంబంధించినది. మహాశివరాత్రికిని ఉగాదికిని వేలాది భక్తులు నల్లమలలో నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దారిగా శ్రీశైలమునకు కాలినడకన పోవుదురు. కన్నడదేశమునుండి వచ్చు వీరశైవ భక్తులు వారములకొలది నడచి మల్లికార్జునుని సన్నిధి చేరుదురు. వారిలో చెప్పులు విడిచి నడచువారు కలరు. అక్కమహాదేవి కల్యాణమునుండి శ్రీశైల కదళీవనమునకు నడచిన దారిని తలచుకొనుచు నడచు భక్తునకు కాలి మంట మంటగా తోచదు. ఆ నిష్ఠను తక్కువ చేయుట ఎవరికిని తగదు. కాని పాదము పగిలినంతమాత్రమున భక్తి పండినదని తలచుట పొరపాటు. దేహమును దేవాలయముగా చూపిన బసవేశ్వరుని మార్గమున దేహమును హింసించుట సాధన కాదు. బాహ్యాడంబరమును ఆయన ఎన్నడును మెచ్చలేదు. చెప్పులు విడిచినవాడు చెప్పులున్నవానిని తక్కువగా చూచెనా, అతడు చెప్పులను విడిచి అహంకారమును తొడిగికొన్నవాడగును. వేల రూపాయల పలుచని బూట్లు ధరించి తాను ప్రకృతికి దగ్గరయితినని చెప్పుకొనువాని సంగతియు ఇట్టిదే.

ఇంతకంటె లోతైన విషయ మొకటి కలదు. వట్టికాళ్లతో నడచువారందరు కోరి నడచువారు కారు. కోరి విడుచుట వ్రతము. లేక నడచుట దారిద్ర్యము. ఇతరులు విడిపించుట అవమానము. ఈ మూడును చూచుటకు ఒక్కటే, అన్నియు వట్టికాళ్లే. కాని ధర్మదృష్టిలో వాటికి పోలిక లేదు.

కడపబండలు తీయు గనులయందు, వేడి రాతిపైన, పగిలిన పలకల అంచులపైన పలుచని రబ్బరు చెప్పులతో పనిచేయు కూలీ కూడ నేల స్పర్శను ఎరుగును. అతనికి అది అనుభూతి కాదు, గాయము. మలమూత్రములతో చెడిన నేలపై వట్టికాళ్లతో తిరుగు పిల్లల పాదచర్మమునుండి కొంకిపురుగుల పిల్లలు దేహములోనికి ప్రవేశించి, ప్రేగులలో చేరి రక్తమును పీల్చును. పాలిపోయిన ఆ పిల్లల ముఖములను చూచినవాడు, చెప్పులు లేకుండుటే సహజజీవనమని సులభముగా పలుకలేడు. ఇక మన పల్లెలలో తోలుపని చేసి ఊరందరకు చెప్పులు కుట్టి ఇచ్చిన కులములవారే, అగ్రవర్ణముల వీధిలోనికి వచ్చినప్పుడు తమ చెప్పులు విడిచి చేతబట్టుకొని నడువవలసిన దురాచారము చిరకాలము సాగినది. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినను, మనస్సులలోని వీధులు అంత త్వరగా తెరచుకొనలేదు. చెప్పు కుట్టిన చేతికి చెప్పు తొడుగు హక్కు లేని సంఘములో వట్టికాళ్ల మహిమను పాడుట ఎట్లు?

ఇచ్చటనే హరళయ్య కథ జ్ఞప్తికి వచ్చును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమునందు హరళయ్య అను చర్మకారుడు, అతని భార్య కల్యాణమ్మ, చెప్పులు కుట్టు కాయకముతో జీవించుచుండిరి. ఒకనాడు హరళయ్య బసవేశ్వరునకు ఎదురుపడి శరణు అని నమస్కరింపగా, బసవేశ్వరుడు శరణు శరణార్థి అని బదులు పలికెను. తానిచ్చినది ఒక శరణు, తనకు ముట్టినది రెండు అని హరళయ్య కలతజెందెను. ఆ ఋణము తీర్చుటకై దంపతులిద్దరు తమ తొడల చర్మముతో పాదరక్షలు కుట్టి బసవేశ్వరునకు సమర్పించిరని శరణచరిత్రలు చెప్పును. బసవేశ్వరుడు వాటిలో పాదము మోపలేదు. శిరస్సున ధరించి, ఇవి సంగమనాథునకే తగునని తిరిగి వారికే ఇచ్చెను.

ఈ కథను కేవలము భక్తుని త్యాగముగా చదివిన సగము మాత్రమే చదివినట్లు. ఆ చెప్పులయందు మానవచర్మము కనిపించెను గనుక బసవేశ్వరుడు వాటిని తొడుగలేదు. కాని ప్రతి చెప్పునందును ఒక మనుష్యుని చర్మము కలదు. తోలు పదును చేయుటలో కాలిన చేతులు, ఉలి జారి తెగిన వ్రేళ్లు, వంగి వంగి కూనిన వెన్ను అందులో కలవు. హరళయ్య కనులకు కట్టినట్లు చూపినది దీనినే. పిమ్మట హరళయ్య కుమారునకును, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకును కల్యాణమున వివాహము జరుగగా, సనాతనులు అలిగిరి. బిజ్జలుడు ఆ తండ్రులిద్దరకు క్రూరమైన మరణశిక్ష విధించెనని సంప్రదాయము చెప్పును. శరణుల సంఘము చెదరినది ఆ కారణముననే. చెప్పులు కుట్టువానిని సమానునిగా చూచినందుకు శరణులు చెల్లించిన మూల్య మది. ఆ మూల్యమునకు వారసులమని చెప్పుకొనువారికి, చెప్పు ధరించుట విడుచుటలు రుచులకు సంబంధించిన చిన్న మాటలు కాజాలవు.

అట్లని పలుచని బూట్లు కొన్న యువకుని నిందింపవలసినది లేదు. పాదమును బలపరచుకొనుట మంచిదే. దేహమును సోమరితనమునుండి కాపాడుట కాయకధర్మమునకు అనుకూలమే. వేకువజామున పెన్న ఇసుకలో అతడు నాలుగడుగులు వట్టికాళ్లతో నడచిన, నేల చల్లదనమును, గరుకుదనమును ఎరిగిన, అది మేలే. కాని ఆ ఎరుక తన అరికాలివద్ద ఆగిపోరాదు. తాను కోరి విడిచిన చెప్పు ఎవరికి ఎన్నడును లభింపలేదో ఆ పాదము కూడ అతనికి తెలియవలెను. పలుచని అడుగు వలన నేల తెలియును. పలుచని అహంకారము వలననే ఎదుటివాని కష్టము తెలియును. పాదమునకు స్పర్శ పోయిన దానిని వ్యాధి అందురు. ఇతరుల పాదములోని ముల్లు తెలియకపోవుట అంతకంటె పెద్ద వ్యాధి.

ఇందుండి కొన్ని ఆచరణములు వెలువడును. పాదరక్ష కుట్టువానితో, మరమ్మతు చేయువానితో బేరమాడునప్పుడు హరళయ్యను తలచుకొనవలెను. తన ఇంట పనిచేయువారు, తన పొలమున కలుపు తీయువారు, తన గనిలో రాయి మోయువారు తగిన పాదరక్షతో ఉన్నారా లేదా అని యజమాని విచారింపవలెను. బడికి పోవు పేదపిల్లల పాదములకు జోడు కల్పించుట దాసోహమునందు భాగముగా ఎంచవలెను. శ్రీశైలమునకు వట్టికాళ్లతో నడచు భక్తుడు తాను విడిచిన జోడును దారిలో లేనివానికి ఇచ్చి నడచిన, ఆ వ్రతము రెండింతలగును. అప్పుడు ఒకని పాదము నేలను తాకును, మరొకని పాదము ముల్లు తప్పించుకొనును. హరళయ్య ఒక శరణుకు రెండు శరణులు పొంది ఋణపడితినని కలతజెందెను. తరతరములుగా చెప్పులు కుట్టినవారికి ఒక శరణైనను చెప్పని సంఘము ఎంత ఋణపడియున్నదో ప్రతి శరణుడును తన పాదములను చూచుకొనుచు ఆలోచించుగాక.